రెండు గంటల ఎండ

మొగం అటు తిప్పుకుంటే ఎలగరా కాసులు. బరంపురంలో పొద్దున్నే బస్సెక్కి, ఛత్రపురంలో దిగి, అక్కడ్నుంచి ఈ ఇసకలో నడుసుకుంటా వొచ్చినాను. ఇది మూడోసారి. మొదటిసారి నన్ను దూరంనుంచి సూసి పడవెక్కీసినావు. రెండోసారి మీ అమ్మ గుమ్మంలో నిలబడి "ఇంట్లో లేడు" అనీసింది. లోపల నువ్వు దగ్గుతున్నావు. నాకు ఇనిపించింది.

మాటాడొద్దులే. వల కుట్టుకో. నువ్వు మాటాడితే నాకు సెప్పడం కూడా రాదు. ఊరికే ఇను.

మీ అక్క పంపలేదు. నానిక్కడికొచ్చినట్టే సీతాలుకి తెల్దు. వేసవి నుంచి దానికీ నాకూ మాటల్లేవు. కంచం పెడతాది, పక్క గదిలోకెల్లి కూకుంటాది. తప్పేటుంది దాన్ది. తమ్ముడి మీద కేసు, మొగుడు దానికి సాచ్చి. ఏ ఆడమనిసి మాటాడతాది సెప్పు.

సోమవారం కోర్టు కదా. నీకూ కాగితం వొచ్చుంటాది, నాకూ వొచ్చింది. జడ్జిబాబు ముందు నిలబడి, "ఆపరేషన్ గది ఏసీ మిషన్‌ని కాసులే ఆపీసీవోడు బాబూ, నాకు తెలుసు" అనాల. ఆ మాట అనీ లోపల నీకోటి సెప్పాల. అందుకొచ్చినాను.

నిన్ను పనిలో సేర్పించింది నానే. మేనేజరు భానుమూర్తి గారి దగ్గర నిలబడి, "మా బావమరిదండి, ఐటీఐ సదవలేదు గానీ పడవింజను కల్లు మూసుకుని ఇప్పి బిగించగలడు" అన్నాను. అబద్దం కాదది. ఆసుపత్రి మేడ మీద నాలుగు పెద్ద మిషన్లు. మూడు వార్డులకి, ఒకటి ఆపరేషన్ గదికి. నువ్వు ఫిల్టర్లు కడిగీవోడివి, గంట గంటకీ సల్లదనం ఎంతుందో పుస్తకంలో రాసీవోడివి. రెండేల్లు ఏ మాటా రాలేదు.

మార్చి నెలాఖర్న పట్టుకుంది ఆ రోగం.

మద్దేన్నం రెండు దాటీసరికి ఆపరేషన్ గదిలోంచి ఫోను. గాలొస్తంది, సల్లదనం రావట్లేదు అని. నాను మెట్లెక్కి పైకొచ్చి గేజీలు తగిలించీసరికి కంప్రెసర్ గుర్రుమని నడుస్తా ఉంటాది. గేసు సరిగ్గానే ఉంటాది. కరెంటు సరిగ్గానే ఉంటాది. కిందకి దిగుతాను, "సల్లగానే ఉంది కదా, ఏటి గోల" అంటాను. నర్సు నా మొగం సూస్తాది.

పూర్తిగా పాడైతే బాధేటుంది సెప్పు. సచ్చిన కంప్రెసర్‌ని దించీసి కొత్తది పెట్టుకుంటాం, ఇంటికెల్లి అన్నం తింటాం. ఇది అలగ కాదు. అరగంట సస్తాది, దానంతటదే లేస్తాది. మనం ఎల్లీసరికి ఏటీ ఎరగనట్టు నడుస్తాది. ముప్పయ్యేల్లు ఈ పనిలో ఉన్నాను, నన్నంతలాగ ఏడిపించిన మిషన్ ఇంకోటి లేదు.

ఏటి మార్చలేదు దానికి. కెపాసిటర్ మార్చినాను. కంప్రెసర్‌కి కరెంటిచ్చీ కంటాక్టరు ఉప్పుగాలికి తినీసుందని అది మార్చినాను. ఎనకున్న రేకుల జల్లెడంతా మందేసి కడిగినాను, నువ్వే కదా నీల్లు పట్టినావు. పంకా మోటారు ఇప్పి సూసినాను. ఒక్కోసారి రెండ్రోజులు, మూడ్రోజులు బాగుండీది. అయిపోనాది, దొరికీసింది అనుకునీవోన్ని. నాలుగో రోజు రెండింటికి మల్లీ ఫోను.

నాకు నిద్దర్లో కూడా ఆ ఫోను మోగీది.

అప్పుడు నువ్వొకటి సెప్పినావు. గురుతుందా. గురుతుండే ఉంటాది. "బావా, మబ్బు రోజు ఆగట్లేదు. ఎండ నీల్లటేంకు దాటి ఆ మూలకి వొచ్చినప్పుడే ఆగుతోంది. ఎండ లిఫ్టుగది ఎనక్కెల్లిపోతే మల్లీ నడుస్తంది" అన్నావు. కరెంటు పనోల్లు ఇద్దరున్నారప్పుడు. ఆల్ల ముందు నాను నవ్వినాను. "ఎండకి భయపడీ మిషనైతే మేడ మీదెందుకు పెడతార్రా, గొడుగేద్దావా దానికి" అన్నాను. ఆల్లూ నవ్వినారు. నువ్వు తల దించుకుని ఫిల్టర్ కడుక్కున్నావు.

ఎనిమిదో తరగతి సదివినోడు నాకు సెప్పడమేటి అనుకున్నాను. అదీ సంగతి.

మేలో ఆవిడొచ్చింది. భారతీదేవి గారు. భంజనగర్‌లో టీచరమ్మగా సేసి రిటైరైన మనిసి. కడుపు ఆపరేషన్. బల్ల మీద ఆవిడ కడుపు కోసి ఉండగా, రెండూ పదికి సల్లదనం పోనాది. ఆ గదిలో పెద్ద లైట్లు, ఆరుగురు మనుసులు, మీద పచ్చ గౌన్లు. డాక్టర్‌బాబు నుదుటి సెమట తుడవడానికి ఒక నర్సుని పక్కనే నిలబెట్టినారంట. ఆఖరికి తలుపులు తెరిసీసినారు, బయటి పంకా తెచ్చి పెట్టినారు. ఆపరేషన్ గది తలుపులు తెరవకూడదు రా. నాకూ తెలుసు, ఆల్లకీ తెలుసు.

నాను మెట్లెక్కి పరిగెత్తుకుంటా వొచ్చినాను. నువ్వు మిషన్ డబ్బా తలుపు తీసి లోపలికి సూస్తన్నావు. నీ కేరేజీ టేంకు నీడలో తెరిసుంది, సగం అన్నం అలగే ఉంది. నాను నీ దగ్గరికొచ్చీసరికి కంప్రెసర్ నడిసింది. నువ్వు నాకేసి సూసి, "నాను ఏటీ ముట్టుకోలేదు బావా" అన్నావు.

తొమ్మిదో రోజున ఆవిడ పోనాది. కడుపులో సీము పట్టిందన్నారు. ఏసీ ఆగడం వల్లే పట్టిందో, ఇంకెందుకు పట్టిందో దేవుడికి తెలియాల. కానీ ఆవిడ కొడుకులు శవాన్ని తెచ్చి గేటు ముందు పెట్టీసినారు. వంద మంది జనం. కిటికీ అద్దాలు పగిలినాయి.

భానుమూర్తి గారు నన్ను పిలిపించినారు. గదిలో డాక్టర్‌బాబు ఉన్నారు, పోలీసాయన ఉన్నారు. "జగ్గన్నా, ఎవరు?" అనడిగినారు. సూడు, ఏటి అయిందనడగలేదు. ఎవరు అనే అడిగినారు. ఆల్లకి ఒక మనిసి కావాల. నాకు అది ఆ గుమ్మం దాటీసరికే తెలిసిపోనాది.

నాను నీ పేరు సెప్పినాను.

"రెండింటికి మేడ మీద ఆడొక్కడే ఉంటాడండి. అన్నం తినీటప్పుడు గోలగా ఉంటాదని మిషన్ ఆపుకుంటాడు కామోసు. ఆ రోజు డబ్బా తలుపు ఆడే తీసి ఉంచినాడు" అన్నాను. ఎవులూ నన్ను కొట్టలేదు, భయపెట్టలేదు. కుర్సీ ఏసి, మంచినీల్లిచ్చి, రాసుకున్నారు. సంతకం పెట్టినాను.

ఉండు, ఇటుపక్కకొచ్చి కూకుంటాను. నీ ఎడం సెవి ఇనపడ్డం లేదని మీ అమ్మ సీతాలుతో అన్నాదంట. బెయిలు రాకముందు టేసన్లో రెండ్రోజులు ఉంచినారు కదా. "సత కుహ, సత కుహ" అని, నిజం సెప్పు నిజం సెప్పు అని కొట్టినారంట. నువ్వు నిజమే సెప్పుంటావు. అందుకే ఇంకా కొట్టుంటారు.

ఇటైతే ఇనపడతంది కదా. సరే.

నువ్వెల్లిపోనాక వానలు పడ్డాయి. నెల రోజులు మిషన్ ఆగలేదు. ఆసుపత్రంతా ఏటనుకున్నారు? సూసినారా, కాసులు ఎల్లిపోనాడు, మిషన్ బాగుపడిపోనాది అనుకున్నారు. ఒట్టు రా, నానూ అలగే అనుకోడం మొదలెట్టినాను. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఆడే సేసుంటాడు, ఆడే సేసుంటాడు అనుకునీవోన్ని. మాటాడని సీతాలు ఒకనాడు నా సెయ్యి తన తల మీద పెట్టుకుని, "నా తమ్ముడే సేసినాడా, సెప్పు" అంది. నాను ఒట్టేసీసినాను. దాని తల మీద సెయ్యేసి.

జులైలో వారం రోజులు వాన తెరిపి ఇచ్చి ఎండ కాసింది. ఆ రోజు మద్దేన్నం ఆపరేషన్లు లేవు, గది కాళీ. మేడ మీద నానొక్కన్నే ఉన్నాను. రెండూ పదికి కంప్రెసర్ ఆగింది.

నాను ఏటీ ముట్టుకోలేదు రా కాసులు. మేడ తలుపు తాళం నా జేబులో ఉంది. మేడ మీద పిట్ట లేదు.

అప్పుడు నీ మాట గురుతొచ్చి ఎండ ఎక్కడ పడతందో సూసినాను. టేంకు నీడ దాటి, గోడ మూల మీద పడతంది. ఆ మూల్లోనే కింద గదిలోంచి మిషన్‌కి సన్న వైరొచ్చీ పైపుంది. ఆ పైపు వొంపు మీద సెయ్యేస్తే సుర్రుమంది. నువ్వు ఫిల్టర్లు కడిగీ బకెట్టు తెచ్చి, నీల్లు దాని మీద పోసినాను. ఇంకో బకెట్టు పోసినాను. ఒక రెండు నిమిషాలకి కంప్రెసర్ నడిసింది.

అంతే. నాలుగు నెలలు ఏడిపించింది రెండు బకెట్ల నీల్లకి దొరికీసింది.

వొంపు ఇప్పి సూస్తే లోపల వైరుకి అతుకుంది. గది సల్లబడిందా లేదా అని మిషన్‌కి సెప్పీ వైరది, నీకు తెలుసు కదా. ఆ అతుకుకి సుట్టిన టేపు ఎండకి జిగురైపోయి జారిపోనాది. లోపల రాగి పచ్చగా కిలుం పట్టుంది. ఎండకి పైపు కాలితే రెండు కొసలూ ఇడిపోతన్నాయి, సల్లబడితే మల్లీ తగులుకుంటన్నాయి. అలాటి వైరుకి పైపు లోపల అతుకు ఎయ్యకూడదు. ఏ మెకానిక్కూ ఎయ్యడు. ఆ టేపు ఎడమేపుకి సుట్టుంది. ఆసుపత్రిలో ఎడంసేతి వాటం ఎవుడిదో నీకు సెప్పక్కర్లేదు.

జనవరిలో కింద గదిలో థర్మోస్టాట్ మార్చినాను. వైరు జానెడు తక్కువైంది. కొత్త వైరు లాగాలంటే ముప్పై మీటర్లు, పూటంతా పని. ఆ రోజు గోపాలపూర్‌లో నా తోటోడు రమ్మన్నాడు, సేపలు, మందు. ఎల్లాలన్న తొందర్లో రెండు కొసలూ మెలిపెట్టి, టేపు సుట్టి, పైపులోకి తోసీసినాను. తరవాత సరిసేద్దాం అనుకున్నాను.

అక్కడికి అంతా అయిపోలేదు. ఆ జులై రోజు సాయంత్రానికి కొత్త వైరు లాగీసినాను. పుస్తకంలో ఆ రోజు గడిలో "కూలింగ్ బాగుంది" అని రాసీసినాను. అప్పట్నుంచి ఒక్కనాడు ఆగలేదు ఆ మిషన్. సెప్టెంబర్లో విశ్వకర్మ పూజ రోజు భానుమూర్తి గారు అందరి ముందూ నాకు శాలువా కప్పినారు. కప్పించుకున్నాను.

మొన్న బుధవారం మరింక ఉండలేక ఆయన గదికెల్లి సెప్పీసినాను. ఆయన లేచి తలుపేసినారు. టీ తెప్పించినారు. "జగ్గన్నా, రాసిచ్చింది నువ్వు. సంతకం నీది. ఇప్పుడు మాట మారిస్తే కేసు నీ మీదకి తిరుగుతుంది, ఆసుపత్రి మీదకి కాదు. ఇంటికెళ్ళి ఆలోచించుకో" అన్నారు. కోపంగా అనలేదు. నా భుజం మీద సెయ్యేసి మెట్ల దాకా వొచ్చినారు.

ఇంకోటుంది. అసలు దీనికే వొచ్చినాను. ఇది సీతాలుకీ సెప్పలేను.

జులైలో తెలిసింది అన్నాను కదా. కాదు. మేలో ఆ గదిలో "ఎవరు" అనడిగినప్పుడే నాకు ఆ అతుకు గురుతొచ్చింది. పైపూ వొంపూ నా టేపూ, అన్నీ కల్ల ముందు కనపడినాయి. నువ్వు ఎండ గురించి సెప్పిన మాటా కనపడింది. రెండూ కలిపి సూస్తే ఐటీఐ సదివినోడికి ఎంతసేపు. అదంతా గురుతొచ్చిన తరవాత సెప్పినాను నీ పేరు. ముందు కాదు.

వల ఆపీసినావేటి. కొడతావా, కొట్టు. నాను లేవను.

ఇదిగో కాగితం. కోర్టు కాడ రాయించినాను, ఒడియాలో. అతుకు నాదేనని, నువ్వు మిషన్ ముట్టుకోలేదని, నాను అబద్దం సెప్పినానని. కింద సంతకం పెట్టినాను. సోమవారం నోటితో కూడా ఇదే సెప్తాను. ఉద్యోగం పోతాది, నన్ను లోపలేస్తారేమో, ఏసుకోనీ. మీ వకీలుకియ్యి.

కానీ ఆ వకీలు ఒకటడుగుతాడు. ఆ అతుకు ముక్క ఏది అని. అదుంటే జడ్జిబాబు కల్లతో సూసి నమ్ముదురు. అది లేదు రా. ఆ జులై రోజే జేబులో ఏసుకుని గోపాలపూర్ ఎల్లి, అలల్లోకి ఇసిరీసినాను. ఎవులైనా సూస్తారని భయం. పుస్తకంలో రాత కూడా "బాగుంది" అనే ఉంది. భానుమూర్తి గారు నాను సెప్పిందేదీ ఇనలేదంటారు.

మరి మిగిలిందేటి. నా మాటొక్కటే. అదెలాటి మాటో నీకన్నా బాగా తెలిసినోడెవుడున్నాడు.