చౌడమ్మకి ముట్టిన కాకి

చౌడమ్మ కూసున్న చోటే కునుకు తీసేదంట. తీయదా మరి? మగ్గాల కొంప అది. మొగుడు లింగయ్య మగ్గం గుంటలో కాళ్లేసుకుని కూసుంటే, ఆయనకి నూలు కండెలు చుట్టిచ్చేది ఈమే, పొయ్యి కాడ ఈమే, కడగొట్టోణ్ణి చంకనేసుకుని తిరిగేది ఈమే. నలభై దాటిన ఒళ్లు, ఎంత పడుకున్నా ఇంకా కావాలనుద్ది. మరి నడుం వాల్చేదెప్పుడంటే, నెలకోసారి కాకి ముట్టినప్పుడు. నవ్వబాకండే, మీకు తెలవదా ఏంది! బయట చేరిన ఆడది నూలు ముట్టకూడదు, కుండ ముట్టకూడదు, పిల్లోణ్ణి ఎత్తకూడదు. పెరటి పాకలో చాపేసుకుని పడుకోటమే. వండేది మొగుడే. ఈ అంటు ఎవరు పెట్టారోగానీ వాళ్ల కడుపు చల్లగుండ అనుకునేదంట.

ఏమైందంటే, ఓ నెల కాకి రాలా. పై నెలా రాలా. ఆగిపోయింది. వేరే ఆడాళ్లు వయసైపోయిందని ఏడుస్తారు, ఈమె ఇంక పడుకునేదెప్పుడని ఏడ్చిందంట. ఏడ్చి, ముక్కు చీది, చాప చంకన పెట్టుకుని "ఏవయ్యో, కాకి ముట్టింది" అని పాకలోకి పోయింది. లింగయ్య నమ్మాడు. అక్కడితో ఆగిందా? నెలకోసారి కాస్తా వారం వారం సంతలాగా తయారైంది అనుకో. కండెలు చుట్టలేక, పిల్లోణ్ణి ఓదార్చలేక లింగయ్య పోయి, పక్కీధిలో అన్న ఇంట్లో ఉండే వాళ్లమ్మ బసమ్మని పట్టుకొచ్చాడు. బసమ్మంటే వీధంతా హడల్. ముసలిదైనా పొద్దస్తమానం రాట్నం కాడే. "అమ్మా, ఇది దొంగకాకి, నువ్వే తేల్చు. అబద్ధమని తేలిందా, దాన్ని మళ్లీ ఆ పాక తొక్కనియ్యను" అన్నాడంట.

ముసల్ది కర్ర టకటకలాడిస్తా పాక కాడికొచ్చింది. మగాడు దగ్గరికి రాకూడదుగా, లింగయ్య దొడ్డివాకిట్లోనే నిలబడ్డాడు. "ఏమే, నిజం చెప్పు" అంది. చౌడమ్మకి అబద్ధమాడే ఓపిక కూడా లేదు. "ఆగిపోయిందత్తా. అలిసిపోయానత్తా" అని చిన్నగా చెప్పి ఏడ్చేసింది. ముసల్ది చాప వంక చూసింది, కోడలి వంక చూసింది, కర్ర గోడకానించింది. "ఒరే లింగయ్యా! ఇంకో చాప పట్రా. నాక్కూడా ముట్టింది" అందంట. "నీకా! ఈ వయసులోనా!" "కాకి నా వయసడిగి ముడతదంట్రా? చాప తెమ్మంటే తే" అని కోడలి పక్కన వాలింది. "మా అత్త బతికున్నప్పుడు నాకీ తెలివి లేకపోయిందే" అనుకుంటానే గురకపెట్టిందంట.

ఆ పూట లింగయ్య అన్నం మాడబెట్టాడు, అదే తిన్నారు అందరూ. అంతే కథ. మగాళ్లు నవ్వింది చాలు, మీ ఆడాళ్లు కూడా ఇక్కడే కూసుని విన్నారు.