జేబులో తాళం

మెకానిక్ గుడివాడ నుంచి రావడం ఇది మూడో రోజు. భర్త పోయాక టీచరుగారు ఆయన కారు తీయబోవడం ఇదే మొదలు. రేపు మొవ్వలో జరిగే ఆయన జ్ఞాపకార్థ కూడికకు అందులోనే వెళ్లాలని ఆమె పట్టుదల.

“మొన్న బ్యాటరీ అన్నారు, నిన్న పెట్రోలు పంపు అన్నారు. రెండూ మార్పించాను. ఇవాళ ఏం చెబుతారు?”

“కోప్పడకండి టీచర్ గారూ. ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు. మీటర్లో తాళం బొమ్మ వెలిగి ఆరుతోంది, చూశారా?”

“మూడు రోజులుగా నేను చూస్తూనే ఉన్నాను. చూడాల్సింది మీరు.”

“తప్పు నాదేనండి. ఈ తాళం డూప్లికేటా?”

“అవును. ఆయనే బందరులో చేయించారు.”

“దీన్లో చిప్ లేదండి. చిప్ లేకపోతే కార్లో ఉండే కంప్యూటర్ ఇంజనుకి పెట్రోలు వదలదు. కంపెనీ తాళం ఇవ్వండి, ఇప్పుడే స్టార్టవుద్ది.”

“అది లేదు.”

“ఇంట్లోనే ఎక్కడో ఉంటుందండీ, వెతికించండి.”

“వెతకక్కర్లేదు. ఆయన చర్చికి వేసుకెళ్లే కోటు జేబులో ఉంది. ఆ కోటుతోనే పెట్టెలో పడుకోబెట్టాం. జేబులు చూడాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.”

మెకానిక్ బానెట్ చప్పుడు కాకుండా దించాడు.

“కొత్తది చేయించుకోవచ్చండి. కంప్యూటర్‌లో పాత తాళం చెరిపేసి, కొత్తది ఎక్కిస్తారు.”

“పాతది చెరపొద్దు.”

“అది ఇక తిరిగొచ్చేది కాదు కదండీ.”

“చెరపొద్దని చెప్పానా? ఒక్క మాటా వినరేం మీరు? రేపు నేను బస్సులో వెళ్తాను.”