కూసున్న జాగా

దేవరకొండ నుంచి నల్గొండకు, మూడో అంతస్తులో కిరాయికుంటున్న కూతురి దగ్గరికి వచ్చిన తల్లిని అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు పిలిపించాడు.

"రెండో అంతస్తుల పరాయోళ్ల ఇంట్ల జొరబడి, మల్ల వాళ్లనే తిడితివట. మాఫీ అడుగమ్మా."

"తలుపులన్ని ఒక్క తీరుగున్నయ్ సారూ. బిడ్డ ఇల్లే అనుకొని సోఫాల కూసున్న. దానికి గప్పుడే మాఫీ అడిగిన."

"మరి లొల్లెందుకు?"

"గా ఇంటామె మంచిగనే నీళ్లిచ్చింది. కులం అడిగితె చెప్పిన. నేనింక గడప దాటకముందే సోఫామీద పసుపునీళ్లు చల్లింది."

"ఊకె ఇల్లు శుభ్రం చేసుకున్న అంటాంది."

"ఇల్లంత కాదు సారూ, నేను కూసున్న జాగనే. గందుకే తిట్టిన. మల్ల చల్లితె మల్ల తిడుత."

"గట్ల గరమైతె ఎట్ల? ముందుగాల కూసో."

"కూసుంట. నేను లేసినంక గీ కుర్చీమీద మీరు పసుపునీళ్లు చల్లరు గద?"