పిన్ని ఇంటికి వెళ్ళింది

(వెనకగదిలో చెల్లెలు తండ్రి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. అన్న గుమ్మంలో నిలబడ్డాడు. తండ్రి ముందుగదిలో ఉన్నాడు.)

“ఆ చొక్కా కాలుతుందే. ఇస్త్రీ పెట్టె పైకి తియ్యి.”

“కాలనీ. నీదేం పోయింది.”

“పొద్దున్నే ఫోన్ చేసి ‘రా’ అన్నావు, పెట్టేశావు. పిల్లల్ని క్లాసులో వదిలేసి పరిగెత్తుకొచ్చాను. ఏమైందో మాత్రం చెప్పవు.”

“ఆదివారం వచ్చి, నాన్నతో మాట్లాడే ఆ ఏఐని ఏం చేసి వెళ్ళావు?”

“ఏం చెయ్యడమేంటి? పాతది తీసి కొత్తది పెట్టాను. అది నత్తలా ఉంది, ఒక్కోటి మూడేసిసార్లు అడగాలి అని నువ్వే కదా అన్నావు.”

“మార్చమన్నాను. దాని బుర్ర మార్చమన్నానా?”

“బుర్రేం మార్చలేదమ్మా. పాతది దాచుకున్న జ్ఞాపకాల ఫైళ్ళు ఒక్క ముక్క పోకుండా దీంట్లోకి ఎక్కించాను. నా దగ్గరున్నవీ కలిపాను. ఇది పాతదానిలా చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పదు. వల అల్లుకుంటుంది. ఎవరికి ఎవరు ఏమవుతారు, ఎప్పుడు ఏం జరిగింది, అన్నిటికీ గీతలు గీసి కలుపుకుంటుంది.”

“పాతదాంట్లో నేను రాసి పెట్టిన ఫైల్లో అమ్మ గురించి ఏముందో చదివావా?”

“చదివాను.”

“ఏముంది?”

“ఇప్పుడది ఎందుకు...”

“చదివానన్నావుగా. చెప్పు.”

“‘అమ్మ ఎక్కడ అని నాన్న అడిగితే, పిన్ని ఇంటికి వెళ్ళింది, వచ్చేస్తుంది అని చెప్పాలి.’”

“మరి?”

“మరి ఏంటి? నా ఫైల్లో అమ్మ పోయిన తేదీ ఉంది. రెండూ ఎక్కిస్తుంటే అదే ఆగి అడిగింది. ఈ రెంటికీ పొసగడం లేదు, ఏది ఉంచమంటారు అని.”

“నువ్వేం నొక్కావు?”

“నిజమేదో అదే నొక్కాను. లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి. ఒక లెక్కకి రెండు జవాబులు ఎలా ఉంచను?”

“లెక్కట. సరే, లెక్కే చెబుతాను, రాసుకో. ఆదివారం నుంచి తొమ్మిదిసార్లు అడిగారు. తొమ్మిదిసార్లూ అది ఎంతో మర్యాదగా, ‘మీ భార్య మూడేళ్ళ క్రితం కన్నుమూశారండీ’ అంది. ఆయనకి ప్రతిసారీ మొదటిసారే అన్నయ్యా. ప్రతిసారీ ఇప్పుడే పోయినట్టే. నిన్న నా చెయ్యి పట్టుకుని, ‘నాకెవ్వరూ కబురు చెయ్యలేదేమ్మా’ అన్నారు. అమ్మ పోయేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు నాన్నా, అమ్మ చెయ్యి నీ చేతిలోనే ఉంది అని ఎలా చెప్పను?”

“నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“ఆదివారం రాత్రి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. పరీక్షలు, పేపర్లు, తర్వాత చేస్తా అని పెట్టేశావు.”

“అంటే, ఆయన ఉన్నన్నాళ్ళూ అబద్ధమే చెబుతావా?”

“చెబుతాను. నెలకోసారి పళ్ళ సంచీతో వచ్చి, గంట కూర్చుని పోయేవాడివి. నిజాలు నీకు బాగానే ఉంటాయి.”

“అదిగో. తిరిగి తిరిగి అక్కడికే వస్తావని తెలుసు.”

“తెలిస్తే మంచిదే. ముందు అది సరిచెయ్యి. నా కళ్ళ ముందు.”

“చేస్తున్నా, చేస్తున్నా. ఫోన్‌లోంచే అవుతుంది. ఇదిగో, పోయిన తేదీ తీసేశాను. నీ మాట పెట్టాను. చల్లబడ్డావా?”

“ఉండు. నాన్న అడుగుతున్నారు. విను.”

“‘మీ మరదలి గారింటికి వెళ్ళారండీ’ అంది. చూశావా, నువ్వు పిన్ని అని రాస్తే ఆయనకి ఏమవుతుందో దానంతటదే కలుపుకుంది.”

“ఇంకా ఏదో అడుగుతున్నారు.”

“అడగనీ. గొంతు చూడు, ఎంత హుషారుగా ఉందో.”

“నాలుగు రోజులైంది ఆ గొంతు విని. నీ పుణ్యమే.”

“అదిగో మళ్ళీ. నేనేదో కావాలని చేసినట్టు మాట్లాడకు. నాకు అమ్మ కాదా? ఈ గడప తొక్కిన దగ్గర్నుంచీ నేనూ నటించాలి. అమ్మ పిన్ని ఇంట్లో ఉంది, రేపో మాపో వస్తుంది. ఏడుద్దామంటే ఈ ఇంట్లో నాకు చోటే లేదు. అది ఏది ఉంచను అని అడిగితే, మూడేళ్ళలో మొదటిసారి ఒకరు నన్ను అడిగినట్టనిపించింది. నొక్కేశాను.”

“ఏడవాలంటే నా దగ్గర ఏడవాల్సింది. దానికి చెప్పి ఆయన్ని ఏడిపించడం కాదు.”

“నీ దగ్గరా? నువ్వు కూర్చుంటే కదా.”

“కూర్చుంటే ఇల్లెవరు చూస్తారు? నువ్వా? ...ముందుగదిలో చప్పుడు లేదేంటి?”

“కునుకు పట్టి ఉంటుంది.”

“కుర్చీ ఖాళీగా ఉంది. నాన్నా. నాన్నా. స్నానాలగదిలోనూ లేరు. అన్నయ్యా, వీధి తలుపు బార్లా తీసి ఉంది.”

“ఆగు, దీన్ని అడుగుతాను. నాన్న ఎక్కడ?”

“రెండు నిమిషాల క్రితం బయటికి వెళ్ళారండీ.”

“ఏమైనా చెప్పి వెళ్ళారా?”

“లేదండీ. ఒక్క మాటా చెప్పలేదు.”

“అంతకుముందు? అంతకుముందు నిన్నేం అడిగారు?”

“మరదలి గారింటికి దారి అడిగారండీ.”

“పిన్ని ఇల్లెక్కడో నేను నీకు ఎప్పుడూ చెప్పలేదే. నా ఫైల్లో ఆ ముక్కే లేదు.”

“మీ అన్నయ్యగారి ఫైల్లో ఉందండీ. రెండూ కలిపి, ఏ బస్సు ఎక్కాలో చెప్పాను. వెళ్ళి మీ అమ్మగారిని తీసుకురావచ్చా అని అడిగారు. తప్పకుండా తీసుకురావచ్చన్నాను.”