ఎజెండాలో ఆఖరి అంశం

తెలంగాణ ఉద్యమ రోజుల్లో, సిరిసిల్లలో మగ్గం కార్మికుడు రాజనర్సు చనిపోయిన ఉదయం, పార్టీ కార్యదర్శి ఎర్రజెండాతో వాకిట్లోకి వచ్చాడు. రాజనర్సు భార్య అడ్డంగా నిలబడింది.

"జరుగు చెల్లె, మా మనిషికి జెండా కప్పుత."

"మీ మనిషా? తెలంగాణ ర్యాలీల నడిచిండని పోయిన నెల మీరే పార్టీలకెల్లి తీసేస్తిరి గదా అన్నా."

"అప్పుడు పార్టీ లైను గట్లుండె. గిప్పుడు మేం గూడ జై తెలంగాణ అంటున్నం."

"గదే ఆయన ముందుగాల అన్నడు. మీ నోటీసుకు ఆరు పేజీల జవాబు రాసిచ్చిండు. చదివిండ్రా?"

"ఎవలం తెరువలే చెల్లె. ఎజెండాల ఆఖరుకుండె, టైం సరిపోలే."

"గిప్పుడు తెప్పియ్యి. గిందరి ముందట చదివి కప్పు."

"అండ్ల నన్ను తిట్టిండు."

"తెరువలేదంటివి. తిట్టిండని ఎట్ల ఎరుక? ఛీ!"

కార్యదర్శి జెండా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఆ జవాబును ఇప్పటికీ ఏ సమావేశంలోనూ చదవలేదు.