మిగిలిన కాస్త ప్రాణం

పత్తికొండ మార్కెట్లో టమాటాలు ఏరుతున్న ఆమె పక్కన, కర్నూలు నుంచి వచ్చిన డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. హెచ్ఐవీ మీద పరిశోధన చేసే మనిషి.

“అక్కా, మీ ఆయన పోకముందు మాకు రక్తం ఇచ్చినాడు, గుర్తుందా?”

“మూడేండ్లాయె. ఇంకా పారబోయలేదా?”

“లేదు. మందుల్లేకుండానే అన్నేండ్లు ఎట్ల తట్టుకున్నాడో చూస్తాండాం. ఆ రక్తంలో రోగంతో కొట్లాడే కణాలుంటాయి. మంచుకన్నా చల్లగా దాచిపెట్టినాం.”

“ఫ్యాను గాలికే వణికే మనిషిని మంచులో పెట్టినారా?” అని ఆమె నవ్వింది. “అయినా చచ్చినోని రక్తంలో ఏముంటాది?”

“కణాలు చావలేదక్కా. వెచ్చబెడితే మళ్లీ కదుల్తాయి.”

ఏరుతున్న చేయి ఆగింది.

“బతికే ఉండాయా? మరి నా గాజులెందుకు పగలగొట్టినారు?”

డాక్టరమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది.

“ఒక్క సీసానే మిగిలిందక్కా. వాడితే ఇంక ఆయనది ఏమీ ఉండదు. నువ్వు వద్దంటే ముట్టుకోను.”

“వాడితే ఇంకొకరు బతుకుతారా?”

“చెప్పలేను. బతకొచ్చు.”

“వాడుకో తల్లీ. ఏ పొద్దు తీస్తావో ముందే ఫోన్ చెయ్యి. ఆయన పోయినప్పుడు, ఆసుపత్రోళ్లు నాకు చెప్పేసరికే అంతా అయిపోయి ఉండె.”