కెమెరాకి పెట్టిన బొట్టు

రెండు వేల ఇరవై మూడు, వానల కాలం. నవంబరు వచ్చిందంటే మలేసియాలోని మా హుటాన్ మెలింటాంగ్‌లో నదికీ ఆకాశానికీ తేడా తెలీదు. పడవ నీళ్ళలో పోతున్నదో వానలో పోతున్నదో నడిపేవాడికే తెలియాలి. అలాంటి రోజుల్లో నేను మా మనవరాలు దర్షిణికి యూనివర్సిటీ చదువు చెప్పినాను.

"నువ్వు సెప్పినావా, ఆ పిల్లే సదువుకుందా?" అంది దేవుడమ్మ, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి మూరెడెత్తు నుంచి టీ వొంపుతూ.

పడవల రేవు పక్కనున్న ఆ టీ కొట్టు దేవుడమ్మదే. నాకు వరసకి మరదలు, అందుకే నోరెక్కువ. ఆ పొద్దు అక్కడ యశ్వంత్ ఉన్నాడు, పడవ ఇంజిన్లు బాగుచేస్తాడు, ఎవరు మాట్లాడినా మధ్యలో దూరతాడు. జయమణి ఉంది, రొయ్యలు వొలిచే షెడ్డులో పని. నేను నోరు తెరిచింది జయమణి కోసమే. ఆమె కూతురు శర్మిళకి యూనివర్సిటీలో సీటొచ్చింది, మీడియా టెక్నాలజీ అనే చదువులో. కెమెరా పట్టడం, శబ్దం పట్టడం, బొమ్మలు కదిలించడం, అన్నీ కంప్యూటర్లో అతికించి సినిమా చెయ్యడం, అదీ చదువు. మా దర్షిణి చదివింది కూడా అదే. శర్మిళ వస్తాననో రాననో ఆ పొద్దు గూకేలోగా కంప్యూటర్లో చెప్పాలి. జయమణికేమో పిల్లని క్లాంగ్ పట్నం పంపి, మేనమామ పనిచేసే గ్లౌజుల ఫ్యాక్టరీలో పెడదామని ఉంది.

"వీడియోలు తియ్యడానికి సదువేటి మామా," అంది జయమణి. "ఫోనుంటే సాలు కదా. పోనీ పంపినాననుకో. మధ్యలో తప్పిందనుకో. మా పిల్ల ఒకసారి పడితే లేచే రకం కాదు. అప్పుడు ఫ్యాక్టరీ ఉండదు, సదువూ ఉండదు."

"తప్పడమా?" అన్నాను. "ఆ చదువులో తప్పడమనేది లేదు. నేను దగ్గరుండి చూసినాను కదా. విను."

దర్షిణికి అది ఆఖరి ఏడు. పరీక్షంటే కాగితం మీద రాసేది కాదు, సినిమా తీసి చూపించాలి. ముగ్గురు కలిసి వచ్చినారు. మా దర్షిణిది కెమెరా, జోషువాది శబ్దం, నటాషాది అతికింపు. ఎవరి పనికి వాళ్ళకే మార్కు. యూనివర్సిటీ వాళ్ళు దర్షిణి పేరు మీద ఒక కెమెరా ఇచ్చినారు, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు మెత్తని పెట్టెలో పెట్టి. ఈ నదిలో చేపల వేట మీద సినిమా. పడవ నాది, నది నాది, చేపలంటావా, వాటి తాతల కాలం నుంచి నాకు తెలిసినవే. తెల్లారేటప్పటికి పిల్లలు ఇక్కడే, ఈ బల్ల మీదే కూర్చుని రోటీ తింటున్నారు. నేను పడవ దగ్గర ఆ పెట్టె తెరిచినాను. కొత్త వస్తువు. పూజ చెయ్యకుండా నీళ్ళ మీదకి ఎలా తీసుకెళ్తాను? కొత్త వలకి పూజ చేస్తాము, కొత్త ఇంజినుకి చేస్తాము. ఈ యశ్వంత్ మోటారుసైకిలు కొన్నప్పుడు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది ఎవరు?

"నువ్వే తాతా," అన్నాడు యశ్వంత్. "ఆ సాయంత్రమే పోలీసులు ఆపినారు."

"పోలీసు ఆపినాడు. లారీ ఆపలేదు కదా. అదీ నిమ్మకాయ."

ఏ వస్తువుకైనా ఒక నుదురుంటుంది. పడవకి ముక్కు, బండికి లైటు, ఇంజినుకి మూత. కెమెరాని అటు తిప్పినాను, ఇటు తిప్పినాను, అంతా నలుపు, చుట్టూ మీటలు, ఎక్కడా నుదురు లేదు. ఉన్నదల్లా ఒక కన్ను. సరే అని ఆ కంటికే గంధం రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టినాను, బొటనవేలితో, గట్టిగా. కర్పూరం తిప్పినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

"దర్షిణి నిన్ను నదిలోకి తోసింది," అంది దేవుడమ్మ.

దర్షిణి చూడనే లేదు. ముందు వచ్చినవాడు జోషువా. చర్చికెళ్ళే ఇంటి పిల్లడు, పాపం, ఇవన్నీ అతనికేం తెలుసు, చొక్కా అంచుతో తుడిచేసినాడు. తుడిస్తే బొట్టు పోతుంది కానీ బొట్టు బలం పోతుందా? పడవ నది మధ్యకి వెళ్ళేటప్పటికి ఆ కెమెరా దానంతటదే తల తిప్పుకుంటున్నది. చేప ఎక్కడుంటే అటు. దర్షిణి ఊరికే పట్టుకుని నిలబడింది. చేపలకి కబురెలా వెళ్ళిందో, అన్నీ పైకొచ్చి వరసగా నిలబడినాయి, పొట్టివి ముందు, పొడుగువి వెనక, స్కూలు ఫొటోకి నిలబడినట్టు.

"వల వెయ్యకపోయినావా?" అంది జయమణి.

"ఫొటోకి నిలబడినవాళ్ళ మీద వల వేస్తారా జయమణీ? మర్యాద ఉండాలి."

తర్వాత డ్రోన్ తీసినారు. నాలుగు రెక్కల తూనీగ అనుకో, కడుపులో కెమెరా. దానికీ దిష్టి తగలకూడదని నేనే కింద నిమ్మకాయ కట్టినాను. అంతే, అది లేచింది. మబ్బుల దాకా లేచింది, మబ్బులు దాటి లేచింది. మబ్బు కింద వాన, మబ్బు మీద ఎండ, అక్కడ బట్టలారేసుకోవచ్చు. అక్కడి నుంచి సుమత్రా కనిపించింది, సుమత్రాలో ఒకామె అంట్లు తోముతూ దీన్ని చూసి చెయ్యూపింది, అదంతా సినిమాలో ఉంది. దిగి వచ్చినాక చూస్తే నిమ్మకాయ ఊరగాయ అయిపోయింది. కింద సముద్రం ఉప్పు, పైన సూర్యుడి వేడి, ఇంకేం కావాలి? అన్నంలో కలుపుకుని తిన్నాము.

"కారం ఎవరేసినారు?" అంది దేవుడమ్మ.

దారిలో ఇండోనేషియా ఉంది కదా, వాళ్ళు వేసి ఉంటారు. అది కాదు విను. జోషువా దగ్గర నీళ్ళలో దించే మైకుంది. దించినాడు, చెవులకి పెట్టుకుని వింటే అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "తాతా, లోపల ఎవరో మాట్లాడుతున్నారు," అన్నాడు. నేను పెట్టుకున్నాను. చేపలు. "తాతబాబు వచ్చినాడు, పక్కకి జరగండి," అంటున్నాయి.

"ఏ భాషలో తాతా?" అన్నాడు యశ్వంత్.

"రొయ్యలు తమిళం. పెద్ద జెల్లలు మలాయి. ముసలి పీతలున్నాయే, అవి మాత్రం మంచి తెలుగు, మా అమ్మ మాట్లాడినట్టు."

"మరి పీత పిల్లలు?"

"వాటికి తెలుగు అర్థమవుతుంది, మాట వినవు. నీలాగే."

దేవుడమ్మకి నవ్వొచ్చి టీ గ్లాసులో కాక బల్ల మీద పడింది. జయమణి కూడా పెదవి కొరుక్కుంది. ఆమె నవ్వుతున్నదంటే సగం దారి వచ్చినట్టేనని నాకు ఉషారొచ్చింది. పక్కనే మోటారుసైకిలు ఆగిన చప్పుడైంది కానీ నేను తల తిప్పలేదు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? యూనివర్సిటీ వాళ్ళు నాకు కబురు పెట్టినారు, మీరు రాకపోతే సినిమా అతకడం లేదు అని. వెళ్ళినాను. ఒక గది నిండా కంప్యూటర్లు, ఒక్కో పిల్ల రెండేసి తెరలు చూస్తూ కూర్చుంది. తీసిన ముక్కలన్నీ వల దారాల్లాగా చిక్కు పడి ఉన్నాయి. చిక్కు తియ్యడం నాకు చెప్పాలా? ఈ కొస ఇటు లాగు, ఆ ముడి విప్పు, ఇక్కడ కత్తిరించు, అంతే. నటాషా నోరు తెరుచుకుని చూసింది. ముక్కలన్నీ కలిపి ఒక్క సినిమాగా వండడాన్ని రెండర్ అంటారు, ఆ మీట నేనే నొక్కినాను. నొక్కితే ఈపో దాకా దీపాలు మసకేసినాయి. సముద్రంలో కెరటం లేచిన చోటే ఆగి, సినిమా ఉడికేదాకా కిందకి దిగలేదు.

అక్కడొక ఆకుపచ్చ గదుంది. గోడలు పచ్చ, నేల పచ్చ. అందులో నిలబడితే ఆ పచ్చని కంప్యూటరు తినేసి, దాని బదులు ఏది కావాలంటే అది వెనక పెడుతుంది. నేను దేవుడమ్మ కొడుకు పెళ్ళిలో పెట్టిన పచ్చ చొక్కా వేసుకుని, పచ్చ లుంగీ కట్టుకుని వెళ్ళి నిలబడినాను. ఒళ్ళంతా మాయం. తల ఒక్కటే గాల్లో. ఆ తలే పిల్లలకి పాఠం చెప్పింది. పాఠం నచ్చి వాళ్ళు తలని అక్కడే ఉంచేసుకున్నారు, ఇప్పటికీ అదే చెప్తోంది.

"మరి ఈ భుజాల మీద ఉన్నదేటి?" అంది దేవుడమ్మ.

"ఇది కాపీ."

"అందుకే ఖాళీ."

ఖాళీయో నిండో, సినిమా చూపించే రోజు వచ్చింది. పెద్ద హాలు, ముందు వరసలో లెక్చరర్లు, నడుమ పెద్ద మేడమ్. దీపాలార్పినారు. మన నది వచ్చింది, వాన మొదలైంది. జోషువా వాన శబ్దం ఎంత బాగా పట్టినాడంటే వెనక వరసవాళ్ళు గొడుగులు తెరిచినారు. తెరవడం మంచిదైంది, ఎందుకంటే వాన తెర దాటి ఇవతలకి వచ్చేసింది. చీలమండ దాకా నీళ్ళు, మోకాలి దాకా నీళ్ళు, కుర్చీల మధ్యన రొయ్యలు. పెద్ద మేడమ్ కుర్చీతో పాటు తేలుకుంటూ తలుపు వైపు పోతున్నది. అప్పుడు నేను లేచినాను. తెరలో నా పడవ ఉంది కదా, దాని తాడు చేతికి అందింది. ఒక్క లాగు లాగితే పడవ హాల్లోకి దిగింది. ఒక్కొక్క లెక్చరరునీ చెయ్యి పట్టి ఎక్కించినాను. మునిగేవాళ్ళు మార్కులు ధారాళంగా వేస్తారు జయమణీ. ఆ పడవలోనే, అక్కడికక్కడే, ముగ్గురికీ మొదటి తరగతి, ముగ్గురికీ ఒకేసారి పట్టా.

"నాకు రాలేదు కదా తాతా," అంది వెనక నుంచి దర్షిణి.

మోటారుసైకిలు చప్పుడు ఆమెదే. ఈపోలో ఒక స్టూడియోలో పని, సెలవు దొరికితే వస్తుంది. హెల్మెట్ చేత్తో పట్టుకుని ఎప్పటి నుంచి నిలబడిందో. నేను చెప్పొద్దని కళ్ళతో సైగ చేసినాను. శర్మిళ సంగతి ఆమెకీ తెలుసు. సైగ చూసింది, చూసి కూడా జయమణి పక్కనే కూర్చుంది.

"ఏటి రాలేదు?" అంది జయమణి.

"పట్టా. నేను తప్పినాను అత్తా."

దేవుడమ్మ గ్యాసు తగ్గించింది.

"గంధం ఉంది కదా, అది గరుకు," అంది దర్షిణి. తెలుగు ఆమెకి మెల్లగా వస్తుంది, మాట వెతుక్కుంటూ చెప్తుంది. "తుడిస్తే లెన్సు మీద గీతలు పడినాయి, జిడ్డు కూడా ఉండిపోయింది. కెమెరాకున్న చిన్న తెర మీద చూసి, నది మీద పొగమంచు అనుకున్నాను. ల్యాబులో పెద్ద తెర మీద చూస్తే ప్రతి ముక్కలో ఎర్రగా మరక. మళ్ళీ తియ్యడానికి కెమెరా లేదు, వేరేవాళ్ళ వంతు. నటాషా, జోషువా వాళ్ళ పనికి పాసయినారు. కెమెరా నాది."

"మా తాత సేసినాడని సెప్పలేదా?" అన్నాడు యశ్వంత్.

"షూటింగుకి ముందు లెన్సు చూసుకోవడం మొదటి క్లాసులో చెప్తారు. నేను చూసుకోలేదు. ఎవరు బొట్టు పెట్టినా అదే మార్కు."

"గీత పడింది జోషువా గుండీ వల్ల," అన్నాను. "గంధం వల్ల కాదు."

"సరే లా తాతా," అంది, ఈ ఊరి పిల్లలందరిలాగే మాట చివర "లా" తగిలించి. "గుండీయే."

జయమణి టీ చల్లారిపోతున్నది. "మరి నిన్ను పంపెయ్యలేదా?" అంది.

"ఎందుకు పంపుతారు? ఆ ఒక్క సబ్జెక్టు మళ్ళీ చెయ్యమన్నారు. నాకంటే చిన్నవాళ్ళతో కూర్చుని చేసినాను. మొదటి నెల సిగ్గేసింది, ఎవరితోనూ అన్నం తినలేదు. తర్వాత ఆ పిల్లలే లైట్లు ఎలా పెట్టాలో నన్ను అడగడం మొదలుపెట్టినారు. నిజం చెప్తే, అత్తా, నాకు కెమెరా పని వచ్చింది రెండోసారే."

"ఏం తీసినావు?"

"మళ్ళీ ఇదే నది. ఈసారి చేపల్ని కాదు, ఈయన్ని తీసినాను. పడవలో కూర్చోబెట్టి ఈ కోతలే చెప్పించి, తెర కింద మలాయిలో అర్థం రాసినాను. హాలంతా నవ్వినారు, పాసయినాను. వానైతే రాలేదు."

"కొంచెం చినుకులు పడినాయి," అన్నాను.

జయమణి నవ్వలేదు. దర్షిణి చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, అది ఎలా ఉంటుందో చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పింది. ఎడమ అరచేతిలో కెమెరా పట్టీ ఒరుసుకున్న చోట కాయ కాసి ఉంది. జయమణి చేతుల్లో రొయ్య ముళ్ళు గుచ్చుకున్న కాయలే.

"పడినాక కూడా ఉండనిస్తారన్నమాట," అంది. తర్వాత ఫోను తీసి కూతురికి చేసింది. "శర్మిళా, ఇక్కడికి రా. ఆ కంప్యూటర్లో ఏదో నొక్కాలన్నావు కదా, దర్షిణి ఉన్నప్పుడే నొక్కేద్దాము. ... ఏడుస్తావేటే, రమ్మన్నాను కదా."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "పిల్ల వెళ్ళే ముందు నువ్వే బొట్టు పెట్టాలి మామా. పిల్లకి."

"కెమెరాకి కూడా పెడతాను," అన్నాను. "కంటికి కాకపోతే ఇంకెక్కడ పెట్టాలో చెప్పండి ముందు."

"మూతకి పెట్టు తాతా," అంది దర్షిణి. "లెన్సుకి మూతుంటుంది."

మూతుంటుందని పూజ చేసిన పొద్దు ఎవరూ చెప్పలేదు నాకు. ఇప్పటికీ నేననేది అదే.

దర్షిణికి ఒక సెమిస్టరు పోయింది. ఆ ఏడు పట్టాలిచ్చిన రోజున నటాషా, జోషువా నల్ల గౌన్లు వేసుకుని నిలబడినారు. దర్షిణి వాళ్ళ ఫొటోలు తీసింది.